కొట్టక ముందర ఏమైంది?

పోయిన వారం స్టాంపు కాగితం కోసం హోసూరు కోర్టు దాకా వెళ్ళాను. ఎదురుగా ఉన్న టీకొట్టులో గోడకు ఒక ఫోటో, దానికి చేమంతి దండ. టీ సగం తాగేదాకా ఆ ఫోటో ఎవరిదో నాకు తట్టలేదు. కారణం ఉంది. ఫోటోలో ఆమె నోరు మూసుకుని ఉంది. నేనెరిగినన్నాళ్ళూ ఆ నోరు మూతపడింది జడ్జి లోపలికి వచ్చి కూర్చునే అర నిమిషం మాత్రమే.

"ఈయమ్మ ఎప్పుడు పోయినారప్పా?" అని టీకొట్టాయనను అడిగాను.

"పదైదు దినాలాయ సార్. పొద్దున కోర్టుకని కోటు వేసుకుని, చెప్పులు తొడుక్కుంటా కూర్చున్నారంట. అట్లనే ఒరిగిపోయినారు. ఆ దినం మూడు కేసులుండె ఆయమ్మకు. మూడూ వాయిదా పడె."

గ్లాసు కింద పెట్టేశాను. ఏడుపొచ్చింది. నలుగురిలో కళ్ళు తుడుచుకోవడానికి సిగ్గుపడి, బజ్జీలో మిరపకాయ ఘాటుగా ఉందన్నాను. నేను బజ్జీ తిననే లేదని ఆయనకు తెలుసు. పాపం, నీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపాడు.

ఆమె లాయరు. ముప్పై ఏళ్ళకు పైగా కొట్లాట కేసులు తప్ప ఇంకేమీ పట్టలేదు. భూమి తగాదాలు, విడాకులు వస్తే పక్క గదిలో లాయరు దగ్గరికి పంపేసేది. "నాకు చేతుల్తో కొట్టుకునేవాళ్ళు చాలప్పా. కాగితాలతో కొట్టుకునేవాళ్ళు నాకొద్దు, ఒగ పట్టాన అలిసిపోరు" అనేది. ఊరంతా లాయరమ్మ అనేవాళ్ళు. అసలు పేరు నేనూ రాయను. ఆమె చేతిలో ఓడిపోయినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. వాళ్ళలో సగం మంది మాకు చుట్టాలు.

అందరు లాయర్లకూ తోలు సంచి ఉంటే ఆమెకు వైరు బుట్ట. మార్కెట్టుకు తీసుకుపోతారే, ఆకుపచ్చ తెలుపు గళ్ళది. అందులో కేసు కట్టలు, మడిచిన నల్లకోటు, డబ్బాలో సంగటి, అన్నిటికీ అడుగున ఒక కొక్కెం త్రాసు. చేపల అంగట్లో వేలాడదీసే రకం. ఆ త్రాసు ఎందుకో తెలియాలంటే ఆమె ఆఫీసు చూడాలి.

కోర్టు వెనక సందులో ఒకే గది. మూలన చట్టం పుస్తకాలకంటే ఎక్కువగా కట్టెలుండేవి. పార పిడి, సంగటి గెలికే తెడ్డు, మామిడికాయలు కోసే దోటి ముక్క, తెగిన చెప్పు, ఒక రోకలి. ఇవేవీ అసలైన ఆయుధాలు కావు. అసలువి కోర్టు బీరువాలో ఉంటాయి. పోలీసు కాగితంలో "పెద్ద కట్టె" అని ఉంటే అచ్చం అలాంటిదే ఒకటి ఊరి నుంచి తెప్పించి, కొక్కేనికి తగిలించి తూచేది. తర్వాత దాన్ని నిందితుడి చేతికిచ్చి, తాను ఎదురుగా నిలబడి, "ఎట్ల ఎత్తినావో ఎత్తప్పా, నేనే వాణ్ణి అనుకో" అనేది. పెద్ద పెద్ద మీసాలవాళ్ళు కూడా ఆ కట్టె ఎత్తలేక చెమటలు కార్చడం నేను చూశాను. "ఎత్తేకి బయమా? ఆ పొద్దు లేదే ఈ బయం" అనేది.

అంచెట్టి నుంచి ఒక పశువులాయన వచ్చేవాడు. తమ్ముణ్ణి కట్టెతో కొట్టాడని కేసు. ఆమె ఆ కట్టె తీసుకుపోయి, కోర్టులోనే త్రాసుకు తగిలించి, "నూటయాభై గ్రాములు యువర్ ఆనర్. దీన్ని ఆవు కూడా లెక్క చెయ్యదు" అందట. జడ్జి నవ్వు ఆపుకోలేక ఫైలు అడ్డం పెట్టుకున్నాడట. ఆ అంచెట్టి ఆయన కోసమే ఆమె ఆఫీసు గోడ మీద కేసుల పట్టికకు బదులు బస్సుల టైములు రాసి ఉండేవి. మధ్యాహ్నం అయితే ప్లీడర్లందరి ముందూ లేచి, "సార్, ఈయన కేసు ముందు పిలవండి. కోర్టు రేపూ ఉంటాది, అంచెట్టి బస్సు ఉండదు" అని జడ్జినే అడిగేది. పిలిచేవారు కూడా.

సెక్షన్లను ఆమె నంబర్లతో పిలిచేది కాదు. చెయ్యి సెక్షను, కట్టె సెక్షను, నోటి సెక్షను. ఉత్త చేత్తో కొడితే ఒకటి, ఆయుధంతో కొడితే ఇంకొకటి, బూతులు తిట్టినా, చంపేస్తానని బెదిరించినా మూడోది. పల్లె నుంచి వచ్చినవాడికి మూడు మాటల్లో చట్టం అర్థమైపోయేది. ఈ మధ్య చట్టమే మారి నంబర్లన్నీ తారుమారయ్యాక ఒకసారి బస్టాండులో కనిపించి, "ముప్పై ఏండ్లు కాపురం చేసినాక మొగునికి పేరు మార్చినారప్పా. పిలిస్తే పలకడు" అని నవ్వింది. అయినా మళ్ళీ కూర్చుని కొత్తవి బట్టీ పట్టిందట.

నోటి సెక్షనంటే ఆమెకు మహా సరదా. మాది తమిళనాడు అయినా మా వైపు ఇళ్ళలో తెలుగు, సంతలో తమిళం, బెంగుళూరు బండివాళ్ళతో కన్నడం. ఫిర్యాదు కాగితం మాత్రం తమిళంలో ఉంటుంది, తిట్లతో సహా. కృష్ణగిరి కోర్టులో ఒక కేసులో, కల్లావి ఊరి వ్యాపారి ఒకాయన తనను బూతులు తిట్టారని సాక్ష్యం చెబుతున్నాడు. ఏమని తిట్టారో చెప్పమంటే, ఎదుట ఆడమనిషి ఉందని నీళ్ళు నమిలాడు. "చెప్పు నాయనా, నాకు అరవై దగ్గరికొచ్చె. నాకు తెలీని తిట్టు నీ దగ్గర ఉంటే నేర్చుకుంటాను" అంది. ఆయన కళ్ళు మూసుకుని చక్కని తెలుగులో చెప్పాడు. కాగితంలో ఉన్న నాలుగు తమిళ తిట్లలో ఒక్కటీ అందులో లేదు.

ఇక ఆమె అసలు పద్ధతి. వచ్చినవాడికి ముందు ఏదో ఒకటి పెట్టేది, తన డబ్బాలో సంగటో, టీకొట్టు ఇడ్లీనో. "కడుపు కాలతా ఉండేవాడు అబద్దం గబగబా చెప్పేస్తాడు, నాకు అందదు. నిండినోడు నిదానంగా చెప్తాడు" అనేది. తిన్నాక కూడా, కొట్టావా లేదా అని అడిగేది కాదు. "అది పోలీసాయన అడుగుతాడు. జడ్జి అడుగుతాడు. నాకెందుకు? కొట్టక ముందర ఏమైంది, అది చెప్పు." అంతే ఆమె ప్రశ్న. దాన్నే పదిసార్లు అడిగేది. నిన్న చెప్పినదానికి ముందర ఏమైంది, దానికి ముందర? అలా ఒకాయన తన మామ పెళ్ళి దాకా వెళ్ళిపోయాడని చెప్పుకుంటారు.

ఇదంతా నాకెలా తెలుసంటే, నేనూ ఆమె ఇడ్లీ తిన్నవాణ్ణే.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. మాది అత్తిముగం పక్క ఊరు. చదువు ముగించి, పరీక్ష రాసి, ప్రభుత్వ తెలుగు బడిలో టీచరుగా ఎంపికయ్యాను. ఈయన మీద కేసులేమీ లేవని స్టేషను నుంచి ఒక కాగితం రావాలి, వస్తే చేరిపోవచ్చు. ఆ కాగితం వచ్చే లోపల నేను మా అన్నను టమాటా క్రేటుతో కొట్టాను.

అన్న అంటే పెదనాన్న కొడుకు. మా తోట, వాళ్ళ తోట పక్కపక్కనే. మధ్యలో టెంపో వచ్చే దారి. ఆ దారి ఎవరిదన్న తగాదా నాకంటే వయసులో పెద్దది. ఆ రోజు అన్న దారికి అడ్డంగా రాళ్ళు పెట్టాడు. మా అమ్మ వెళ్ళి ఒక రాయి దొర్లించింది. అన్న ఆమెను తోశాడు. అమ్మ రాళ్ళ మీద పడింది. నేను టెంపో నుంచి ఖాళీ ప్లాస్టిక్ క్రేట్లు దించుతున్నాను. చేతిలో ఉన్నదాన్ని విసిరాను. విసిరాను అంటే కొంచెం మర్యాదగా ఉంటుంది గానీ, రెండు అంగల్లో వెళ్ళి ఎత్తి కొట్టాను. అన్న కనుబొమ్మ చీలింది. అడ్డం పెట్టిన కుడి చేతి వేళ్ళు రెండు వాచిపోయాయి.

మా వైపు కొట్లాట జరిగితే ఎవరూ ముందు స్టేషనుకు పోరు, పెద్దాసుపత్రికి పోతారు. అక్కడి రిజిస్టరులో ఎవడి గాయం ముందు ఎక్కితే వాడే దెబ్బలు తిన్నవాడు, ఆలస్యమైనవాడు కొట్టినవాడు అని మా ఊళ్ళ నమ్మకం. అందుకని కొట్టినవాడూ, తిన్నవాడూ ఇద్దరూ బైకులెక్కి హోసూరుకు పందెం పెడతారు. ఇద్దరూ మంచాలెక్కుతారు. ఇద్దరి మీదా కేసులు పడతాయి. అప్పుడు పెద్దమనుషులు రాజీ చేస్తారు.

మా ఇంట్లో ఈ విద్యలో ఆరితేరినవాడు మా మేనమామ. "ఎదురు కేసు లేకపోతే నీ ఉద్యోగం గోవిందా. పండుకో పో ఆసుపత్రిలో" అన్నాడు. పగిలిన క్రేటు అంచుతో నా ఎడమ చెయ్యి మీద తానే ఒక గీత గీసి, గుడ్డ చుట్టాడు.

"అమ్మకు దెబ్బ తగిలింది కదా మామా, అమ్మను తీసుకుపోదామా?" అన్నాను.

"ఆడమనిషిని ఆడ పండబెట్టేదా? మనకు కూడెవురు తెస్తారు?" అన్నాడు.

నాకూ సబబుగానే తోచింది. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

వార్డులో అన్నది నా ఎదురు మంచం. కనుబొమ్మకు కుట్లు, వేళ్ళకు పట్టీ. ఇద్దరం మూడు రోజులు ఫ్యానునే చూశాం. మధ్యాహ్నం అమ్మ బస్సులో క్యారియరు తెచ్చేది. అక్కడ వదిన అన్నకు తెచ్చేది. ఒకే బస్సులో వచ్చి, ఒకే మెట్లెక్కి, చెరో మంచం దగ్గరా కూర్చునేవారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.

మూడో రోజు మామ లాయరమ్మను వార్డుకే తీసుకొచ్చాడు. వైరు బుట్ట మంచం మీద పెట్టి, అందులోంచి ఇడ్లీ పొట్లం తీసి నన్ను తినమని, తిన్నాక అడిగింది. నేను దారి, రాళ్ళు, అమ్మ పడటం, అంతా చెప్పాను.

"ఈ కట్టు?"

"అన్న కొట్టినాడమ్మా."

"ఏ చేత్తో?"

నేను ఆలోచించాను.

"ఒగ చేత్తో మీయమ్మను తోసె. ఇంకో చెయ్యి మొగానికి అడ్డం పెట్టుకునె. నిన్ను కొట్టేకి మూడో చెయ్యి ఉండాదా మీ అన్నకు?" అంటూ పెన్ను మొనతో కట్టు ఎత్తి చూసింది. పిల్లి గీరినంత గీత. మామ కిటికీ వైపు తిరిగాడు.

సరిగ్గా అప్పుడే అమ్మ క్యారియరు గిన్నె ఎత్తడానికి చెయ్యి చాచింది. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం లేచి, పసుపు అంటుకుని, నల్లగా చెక్కు కట్టి ఉంది. లేచి నిలబడటానికి మంచం కోడు పట్టుకుంది.

"ఏమ్మా ఇది?"

"ఆ దినం పడినాను కదమ్మా. ఏమీ లేదు, పసుపు పెట్టినాను."

"ఏ డాక్టరుకు చూపించినావు?"

"నాకెందుకమ్మా డాక్టరు? నేనూ పండుకుంటే వంటెవురు చేస్తారు?"

లాయరమ్మ నోరు మూసుకుంది. నేను కోర్టు బయట చూసిన ఒకే ఒక్కసారి. తర్వాత తెరిచింది. వార్డంతా వినపడింది, ఎదురు మంచానికి కూడా.

"తగలని దెబ్బకు కట్టు కట్టినారు. తగిలిన దెబ్బకు పసుపు పూసి పొయ్యి దగ్గర కూర్చోబెట్టినారు. అమ్మను కొట్టేవాణ్ణి ఆపేకి ఎవురికైనా హక్కుండాదప్పా, చట్టమే ఇచ్చింది. అయితే అమ్మకు దెబ్బ తగిలిందని చూపించాల కదా? నీ ఉద్యోగం ఈ మోచేతిలో ఉండాది. దాన్ని మూడు దినాలు వంటకు పంపిస్తివి!"

అమ్మ చెయ్యి పట్టుకుని తానే డాక్టరు దగ్గరికి నడిపించుకుపోయింది. డాక్టరు చూసింది చూసినట్టు రాశాడు: గాయం మూడు రోజుల నాటిది, పడటం వల్ల కావచ్చు. అన్న తోశాడని ఆ కాగితం ఎలా చెబుతుంది? అన్న తోయడం చూసినవాళ్ళం ఆ తోటలో నలుగురమే: అన్న, వదిన, అమ్మ, నేను.

వదిన అప్పటికే పోలీసులకు వాంగ్మూలం ఇచ్చేసింది. నేను ఆమె జుట్టు పట్టుకుని ఈడ్చానని. ఆ మాట రెండుసార్లు చదివాను. నేను వదిన ఛాయలకు కూడా పోలేదు. ఆమె మోటారు గది దగ్గర నిలబడి కేకలు వేస్తోంది. మా తమిళనాడులో ఆడవాళ్ళను వేధించేవాళ్ళ కోసం రాష్ట్రం తెచ్చిన చట్టం ఒకటుంది. మంచి చట్టమే. కానీ గట్టు తగాదాల్లో కూడా ఎవరో ఒకరు దాన్ని కలిపించేస్తారు, కేసుకు బరువు వస్తుందని. బెయిలు కష్టం. టీచరు ఉద్యోగానికి అంతకంటే పెద్ద మచ్చ లేదు.

"వదిన ఇట్ల ఎందుకు చెప్పిందమ్మా?" అన్నాను.

"మీకు మామ ఉన్నట్టు వాళ్ళకూ ఒగ మామ ఉంటాడు కదప్పా" అంది.

మా మామ ఊరుకోలేదు. అన్న కూడా అమ్మ జుట్టు పట్టుకున్నాడని రాయిస్తే సరికి సరి అన్నాడు. లాయరమ్మ వైరు బుట్ట చేతికి తగిలించుకుని లేచింది. "ఎదురు కేసు నేను వెయ్యను. ఈ గుడ్డ కట్టు ఒగ అబద్దం. ఇంకోటి చేరిస్తే ఆయమ్మ నిజమైన మోచెయ్యిని కూడా ఎవురూ నమ్మరు. కావాలంటే వేరే లాయర్ని చూసుకోండి." మామ వేరే లాయర్ని చూడటానికే వెళ్ళాడు. నేను గుడ్డ విప్పేసి, ఆ మధ్యాహ్నమే ఆసుపత్రి నుంచి లేచి వచ్చేశాను.

కృష్ణగిరి జిల్లా కోర్టులో ఆమె నాకు ముందస్తు బెయిలు తెచ్చింది. రోజూ పొద్దున పది గంటలకు స్టేషనులో సంతకం పెట్టాలి. అవతలివాళ్ళతో మాట్లాడకూడదు. ఒకే వాకిలి, ఒకే కొళాయి ఉన్న ఇళ్ళలో ఇదెంత కష్టమో ఆ షరతు పెట్టిన జడ్జికి తెలియదు. విద్యాశాఖవాళ్ళు నా పోస్టు ఒక ఏడాది ఆపుతామన్నారు. ఆ లోపల కేసు తేలకపోతే ఇంకొకరికి.

పది రోజులయ్యాక సంతకం పెట్టి ఆమె ఆఫీసుకు పోయాను. అన్న తోటలో టమాటాలు పండి రాలిపోతున్నాయని, వేళ్ళు వంగక అన్న కోయలేకపోతున్నాడని, కూలీలు దొరకలేదని, మాటల్లో వచ్చింది.

"నువ్వు పోయి కోయి" అంది.

"మాట్లాడకూడదని కదమ్మా కోర్టు చెప్పింది?"

"మాట్లాడొద్దనింది. కోయొద్దనిందా? నువ్వు వాణ్ణి కొట్టింది నిజం. దానికేం చెయ్యాలో కోర్టు చూసుకుంటాది. టమాటాలేం చేసినాయి? ఒగ మాట మాట్లాడినా, ఒగ పండు ఇంటికి తెచ్చినా, నీ బెయిలు నేనే రద్దు చేయిస్తాను."

మరుసటి రోజు వేకువనే దిగాను. కోసి, అన్న గడప ముందర పోసి, స్టేషనుకు పరిగెత్తి సంతకం పెట్టాను. రెండో రోజు సంతకానికి పోతే సబ్‌ఇన్‌స్పెక్టరు కూర్చోమన్నాడు. అన్న ఫిర్యాదిచ్చాడు: నిందితుడు నా తోటలోకి చొరబడ్డాడని.

"చొరబడి ఏం చేసినావయ్యా?"

"టమాటాలు కోసినాను సార్."

"ఎత్తుకుపోయినావా?"

"లేదు సార్, వాళ్ళింటి ముందరే పెట్టినాను."

ఆయన పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. లాయరమ్మకు ఫోను చేశాడు. స్పీకరులో ఆమె గొంతు స్టేషనంతా మోగింది: "రాసుకోండి సార్, రాసుకోండి. ఏ సెక్షనో నాకూ చెప్పండి, ఇన్నేండ్లలో నేను చూడలేదు." కాగితాలు రాసే రైటరు నవ్వాడు. తర్వాత సబ్‌ఇన్‌స్పెక్టరు కూడా నవ్వాడు. ఫిర్యాదు కాగితం సొరుగులోకి పోయింది.

మూడో రోజు నేను తోటకు పోయేసరికి గట్టు మీద ఖాళీ క్రేట్లు పేర్చి ఉన్నాయి. ఎవరూ లేరు. ఇరవై రోజులు కోశాను. అన్న ఒక్కసారి కూడా బయటికి రాలేదు. క్రేట్లు మాత్రం రోజూ ఉండేవి. అది మెత్తబడటమో, పని జరిగితే చాలనుకోవడమో నాకు తెలియదు. లాయరమ్మను అడిగితే, "నువ్వు కోసింది సాక్ష్యం కోసమైతే ఈపొద్దే మానుకో" అని కసిరింది. నిజం చెప్పొద్దూ, కొంచెం దాని కోసం కూడా.

విచారణ వచ్చేసరికి నాకిచ్చిన ఏడాదిలో నెల రోజులు మిగిలాయి. హోసూరు కోర్టు. మొదటి సాక్షి అన్న. రెండో సాక్షి వదిన, కొత్త చీర కట్టుకుని బయట బెంచీ మీద కూర్చుంది. అమ్మ మా తరఫు సాక్షి, అదే బెంచీకి ఆ చివర.

అన్న బోనెక్కాడు. ఎవరు కొట్టారని ప్రభుత్వ లాయరు అడిగాడు. "వీడే. మా చిన్నాయన కొడుకు. క్రేటుతో కొట్టినాడు" అని కనుబొమ్మ మీద మచ్చ చూపించాడు. తడబాటు లేదు.

లాయరమ్మ లేచింది. చేతిలో క్యాలెండరు కాగితం ముక్క. ప్రశ్నలు వాటి వెనకే రాసుకునేది. క్రేటు బరువు గురించి అడుగుతుందనుకున్నాను. ఒకటిన్నర కిలో అని తూచి పెట్టింది కూడా. అది అడగలేదు.

"కొట్టక ముందర ఏమైందప్పా?"

వెనక కూర్చున్న కుర్ర లాయర్లు ఒకరినొకరు చూసుకున్నారు. జవాబు తెలియని ప్రశ్న ఎదుటి సాక్షిని అడగకూడదని వాళ్ళకు మొదటి ఏడాదే నేర్పుతారట. అన్న లేదంటే, ఏమీ కాలేదంటే, నా ఉద్యోగం అక్కడికి సరి.

అన్న తలుపు వైపు చూశాడు. బయట బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్ళూ కనిపిస్తున్నారు.

"చిన్నమ్మను తోసినాను" అన్నాడు. "ఆయమ్మ రాళ్ళ మీద పడె. ముందర నేనే."

జడ్జి తలెత్తి, తమిళంలో మళ్ళీ చెప్పమన్నాడు. అన్న తమిళంలోనూ చెప్పాడు. ఇలా చెబితే నీ కేసు పోతుంది తెలుసా అన్నాడు జడ్జి.

"తెలుసు సామీ."

"మరి పోలీసులకు ఎందుకు చెప్పలేదు?"

"ఎవురు కొట్టినారు, దేంతో కొట్టినారు అనే అడిగిరి సామీ. ముందర ఏమైందని ఎవురూ అడగల్లేదు. ఈయమ్మ అడిగె."

లాయరమ్మ కూర్చుంది. ఇక ప్రశ్నలు లేవంది. ప్రభుత్వ లాయరు కాసేపు కాగితాలు తిరగేసి, మొగుడే ఇలా చెప్పాక రెండో సాక్షి అవసరం లేదన్నాడు. జుట్టు సంగతి చెప్పడానికి ఇంకెవరూ లేరు కాబట్టి ఆ చట్టం కింద కేసు నిలవలేదు. మిగిలినది, తల్లిని కాపాడుకోవడానికి కొట్టాడని జడ్జి రాశాడు. పది రోజుల తర్వాత తీర్పు వచ్చింది. వారం మిగిలి ఉండగా నేను బడిలో చేరాను. ఈ జీతం, ఈ పిల్లలు, ఈ సుద్దముక్క అన్నీ మా అన్న ఒక్క మాటతో ఇచ్చినవని నాకు తెలుసు. ఆ మాట అన్నతోనే చెప్పాను, తీర్పు రోజే. "సరేలేరా, దారిలో రాళ్ళు తీసేస్తాను" అన్నాడు. మాకు అంతకంటే మాట్లాడుకోవడం రాదు.

అన్న సాక్ష్యం చెప్పిన రోజు మాత్రం, అందరూ వెళ్ళాక, కోర్టు మెట్ల దగ్గర లాయరమ్మ ఆ క్యాలెండరు కాగితం మడుస్తూ కనిపించింది. దాని మీద రెండు ప్రశ్నలున్నాయి. పైదానికి టిక్కు ఉంది. కిందిది చదవబోతే వేలు అడ్డం పెట్టింది.

"ఇది మీ వదినకు రాసి పెట్టుకున్నది. అడిగుంటే అరగంటలో నువ్వు గెలిచిందువు. ఆయమ్మ మళ్ళా ఊర్లో తల ఎత్తి తిరిగేది కాదు."

"అన్న లేదనుంటే అడిగేవారా అమ్మా?"

"అడిగేదాన్ని. నేను నీ లాయర్ని, ఆయమ్మ లాయర్ని కాదు" అంది. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి వైరు బుట్టలో వేసుకుంది. మళ్ళీ ఆ ముక్కలు బయటికి తీసి, ఇంకా చిన్నగా చింపింది. అంతటి మనిషికి అంత భయం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ ప్రశ్న ఏమిటని నేను మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఫోటో చూసి వచ్చిన మర్నాడు ఆదివారం. వదిన ఒడినిండా చిక్కుడులాంటి అనపకాయలు తెచ్చుకుని మా వసారాలో అమ్మ పక్కన కూర్చుంది. నానిన గింజల పొట్టు తీసి పితికిపప్పు ఎక్కడైనా చెయ్యొచ్చు గానీ కాయలు మాత్రం అమ్మ పక్కనే ఒలవాలి ఆమెకు. నేనూ కూర్చుని, లాయరమ్మ పోయిందని చెప్పాను.

"అయ్యో పాపం" అంది వదిన. కాసేపు ఒలిచి, మళ్ళీ అంది: "ఏమైనా అనుకో అబ్బోడా, నాకు ఆయమ్మ మీద కోపమే. ఆ పొద్దు కొత్త చీర కట్టుకుని వచ్చి, ఆ బెంచీ మీద పొద్దుగూకేదాకా కూర్చుంటిని. నన్ను ఒగ మాట, ఒగే ఒగ మాట అడిగేకి గతి లేకపోయెనా ఆయమ్మకు?"

అమ్మ, నేను తల ఎత్తకుండా అనపకాయలు ఒలిచాం.